రాజమండ్రి నుంచి వచ్చి హైదరాబాద్‌లో 41 గంటలు: అమ్మతో ఎక్కడ దిగితే బాగుంటుంది?

గోదారి_గట్టు
జనవరి 6, రాత్రి 10.20

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

సంక్రాంతికి ఊరొచ్చాం. తిరిగి వెళ్ళేటప్పుడు అమ్మని కూడా మాతో తీసుకెళ్తున్నాను. జనవరి 22 గురువారం ఉదయం రాజమండ్రిలో ఎక్కి 11 గంటలకు శంషాబాద్‌లో దిగుతాం. దోహా విమానం శనివారం తెల్లవారుజామున 4.10కి. అంటే నడుమ 41 గంటలు. ఈ ఖాళీ నేనే కావాలని పెట్టుకున్నాను. అమ్మ మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు, ఆవిడకి హైదరాబాద్‌లో ఒకే ఒక్క కోరిక ఉంది: సాలార్జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం. 1979లో పెళ్ళైన కొత్తలో నాన్నగారితో చూసిందట. నాన్నగారు లేరిప్పుడు.

అమ్మకి 68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు, కాసేపు నడవగలదు. మా బాబుకి 9. పెద్ద సూట్‌కేసులు మూడు, చేతి సంచులు మూడు. శంషాబాద్‌లోనే దిగాలా, చార్మినార్ దగ్గరా, లకిడీకాపూల్ వైపా, గచ్చిబౌలా? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు. నేను ఈ ఊళ్ళో ఉన్నది 2007 వరకే. అప్పటికి విమానాలు బేగంపేటలోనే దిగేవి. అందుకే నా లెక్కలేవీ ఇప్పుడు పనికిరావు.

రన్‌వే_పక్కన
జనవరి 6, రాత్రి 10.48

శంషాబాద్ అండి, రెండో ఆలోచన వద్దు. పెద్దావిడ, పిల్లాడు, ఆరు సంచులు. విమానాశ్రయం ఆవరణలోనే నోవోటెల్ ఉంది. బెంగళూరు హైవే మీద శంషాబాద్ ఊళ్ళో మధ్యరకం హోటళ్ళు బోలెడు. అక్కడ సామాను పెట్టేసి, గురువారం బండి మాట్లాడుకుని ఊరు చూసొచ్చేయండి. గది మారే పని లేదు, మళ్ళీ సర్దుకునే పని లేదు.

మా నాన్నగారిని ఇలాగే తీసుకెళ్ళాను. రెండు రాత్రులూ ఒకే మంచం మీద పడుకున్నారు. పెద్దవాళ్ళకి అంతకంటే ఏం కావాలి?

పాతబస్తీ_పోరడు
జనవరి 6, రాత్రి 11.15

అక్కా, హోటల్ ముచ్చట తర్వాత. ముందుగాల ఒక్కటి చూసుకోన్రి. సాలార్జంగ్ మ్యూజియంకు శుక్రవారం సెలవు. చౌమహల్లా ప్యాలెస్‌కు గూడ శుక్రవారమే సెలవు, కుతుబ్‌షాహీ సమాధులకు గూడ. శుక్రవారం పగటీలి మక్కా మసీదుల జుమ్మా నమాజు ఉంటది, చార్మినార్ చుట్టుపక్కల కాలు వెట్టనీకె జాగుండది.

గందుకే మీకు గడియారం చూసెటందుకు ఉన్నది గురువారం ఒక్కటే. పొద్దుగాల పదింటికి తెరుస్తరు, సాయంత్రం ఐదింటికి మూస్తరు. పదకొండుకు మీరు దిగితె, సామాను వచ్చి బయటపడెవరకు పన్నెండైతది. గా ఐదు గంటల్ల అమ్మను ఆడికి చేర్పియ్యాలె. ఇగ హోటల్ యాడ తీసుకుంటరనేది దాని వెనుక వస్తది.

గోదారి_గట్టు
జనవరి 6, రాత్రి 11.31

తమ్ముడూ, మీకు ఎన్ని దండాలు పెట్టినా చాలదు. నేను గురువారం విశ్రాంతి, శుక్రవారం మ్యూజియం అనుకున్నాను. తలుపు మూసి ఉండగా అమ్మని గేటు దగ్గర నిలబెట్టేదాన్ని.

ఐటీ_కారిడార్
జనవరి 7, ఉదయం 8.05

గచ్చిబౌలి కూడా చూడండి. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) ఎక్కితే శంషాబాద్‌కి మధ్యలో ఒక్క సిగ్నల్ ఉండదు. అర్ధరాత్రి బయల్దేరే వాళ్ళకి అంతకంటే నెమ్మదైన దారి లేదు. దుర్గం చెరువు మీద తీగల వంతెన 2020లో వచ్చింది, రాత్రి దీపాలతో బాబుకి నచ్చుతుంది. శుక్రవారం ఉదయం చిలుకూరు బాలాజీ దర్శనం చేసుకోవచ్చు. కోరిక చెప్పుకుంటే 11 ప్రదక్షిణలు, తీరితే 108. అక్కడ హుండీ ఉండదు.

కాకపోతే మీ గురువారం పనికి గచ్చిబౌలి ఎదురుదారే. అక్కడి నుంచి మ్యూజియం వెళ్ళి, సాయంత్రం ఆరు తర్వాత తిరిగి రావాలంటే బయోడైవర్సిటీ కూడలి దగ్గర ట్రాఫిక్‌లో అమ్మగారి మోకాళ్ళకి శిక్ష. అమెరికన్ కాన్సులేట్‌లో పనున్న వాళ్ళు, ఆ వైపు కంపెనీల్లో పనున్న వాళ్ళు అయితే గచ్చిబౌలే అంటాను. మీకు అని గట్టిగా చెప్పలేను.

రిసెప్షన్_డెస్క్
జనవరి 7, మధ్యాహ్నం 2.40

పన్నెండేళ్ళుగా లకిడీకాపూల్‌లో హోటల్ రిసెప్షన్‌లో పనిచేస్తున్నాను. ఏ హోటలో చెప్పను, దాన్ని అమ్ముకోవడానికి రాయడం లేదు. మీలాంటి ప్రయాణికులు కౌంటర్ దగ్గర పడే ఇబ్బందులు రోజూ చూస్తున్నాను, అవి చెబుతాను.

మొదటిది, గది లెక్క. మీరు 41 గంటలు అంటున్నారు. మా లెక్కలో అది రెండు రోజులు. చాలా హోటళ్ళు మధ్యాహ్నం 12కో 2కో గది ఇచ్చి, మర్నాడు 11కో 12కో ఖాళీ చేయమంటాయి. శుక్రవారం రాత్రి పన్నెండింటికి బయల్దేరే మీకు, శుక్రవారం మధ్యాహ్నం నుంచి అర్ధరాత్రి దాకా తల దాచుకునే చోటు కావాలి. ఎక్కువమంది ఒక రాత్రికే బుక్ చేసుకుని, రెండో రోజు పగలంతా లాబీలో సామాను పక్కన కూర్చుంటారు. పెద్దవాళ్ళు సోఫాలో ఒరిగి నిద్రపోతుంటే చూడటం మాకూ బాధే. 24 గంటల పద్ధతి పాటించే లాడ్జిలు నాంపల్లి, కాచిగూడ స్టేషన్ల దగ్గర ఇంకా ఉన్నాయి. మీరు ఏ గంటకి దిగితే మర్నాడు ఆ గంటదాకా గది మీదే. బుక్ చేసే ముందు ఫోన్ చేసి ఈ ఒక్క మాట అడగండి.

రెండోది, పాస్‌పోర్టు. మీ బాబు విదేశంలో పుట్టాడా? విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు దిగితే హోటల్‌వాళ్ళు 24 గంటల్లోపు ఆ వివరాలు ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి పంపాలి. అందుకని పాస్‌పోర్టు, వీసా గానీ ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మనవాళ్ళకి ఇచ్చేది) గానీ కాపీలు అడుగుతారు. చిన్న లాడ్జిల్లో ఆ ఏర్పాటు ఉండదు. విదేశీ పాస్‌పోర్టు చూడగానే గదులు లేవంటారు. ముందే చెప్పి, సరేనన్నాకే డబ్బు కట్టండి.

మూడోది, పన్ను. రోజుకి 7,500 రూపాయల వరకు గది అద్దె మీద 5 శాతం, ఆ పైన 18 శాతం. యాప్‌లో మొదట కనిపించే ధరలో ఇది కలవకపోవచ్చు.

లకిడీకాపూల్ సంగతి నేను చెబితే పక్షపాతం అవుతుంది. మెట్రో ఎర్ర లైన్ మీద ఉంది, అంతవరకే చెబుతాను.

దోహా_దారి
జనవరి 7, సాయంత్రం 6.10

నేను దోహాలో ఉండి పదకొండేళ్ళు. అమ్మా, మీ టికెట్ ఒకసారి మళ్ళీ తీసి చూడండి. శనివారం 4.10 అంటే శుక్రవారం రాత్రి నిద్రపోకుండా వెళ్ళాల్సింది. గల్ఫ్ విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకే కాబట్టి ఈ తేదీ తికమక మా వాళ్ళలో ఎంతమందికి జరిగిందో. 2016లో నాకే జరిగింది. 14వ తేదీ 00.40 అని ఉంటే 14 రాత్రి భోంచేసి, అందరికీ చెప్పి వెళ్ళాను. విమానం దాదాపు ఒక రోజు ముందే వెళ్ళిపోయింది. మళ్ళీ టికెట్ కొనడానికి నెల జీతం పోయింది. హోటల్ బుక్ చేసేటప్పుడు కూడా ఇదే పొరపాటు. 23 రాత్రికి గది కావాలి, 24కి కాదు.

ఇంకో సంగతి. రాజమండ్రి టికెట్, దోహా టికెట్ ఒకటేనా, వేర్వేరా?

గోదారి_గట్టు
జనవరి 7, సాయంత్రం 7.25

వేర్వేరండి. తేదీ చూసుకున్నాను, శుక్రవారం అర్ధరాత్రే వెళ్ళాలి. బాబుకి ఓసీఐ ఉంది, రిసెప్షన్ అమ్మాయి చెప్పినట్టు ఫోన్ చేసి అడుగుతాను.

దోహా_దారి
జనవరి 7, సాయంత్రం 7.50

వేర్వేరైతే దేశీయ విమానంలో మామూలుగా మనిషికి 15 కిలోలే. ముగ్గురికి 45. మీ మూడు పెద్ద సూట్‌కేసులు ఆవకాయ, సున్నుండలు, బియ్యప్పిండితో కలిపి ఎంత తూగుతాయో ఇంట్లోనే చూడండి. ఒకే టికెట్ అయితే అంతర్జాతీయ లెక్కే వర్తిస్తుంది. కానీ మధ్యలో 24 గంటలు దాటి ఆగితే సామాను హైదరాబాద్‌లోనే మీ చేతికొస్తుంది. ఎలా చూసినా రెండు రోజులూ ఆ సంచులు మీతోనే. ఎక్కడ దిగాలన్నది నిర్ణయించేది అవే.

నిజాంపేట_అమ్మమ్మ
జనవరి 7, రాత్రి 9.05

అమ్మాయీ, ఎవరూ అడగలేదు గానీ నేను అడుగుతాను. హైదరాబాద్‌లో మీ వాళ్ళెవరూ లేరా? పెద్దావిడని తీసుకుని ఊళ్ళోకొచ్చి హోటల్లో దిగారంటే తోబుట్టువులు బాధపడరూ? మా చెల్లెలు అలాగే వచ్చి చెప్పకుండా వెళ్ళిపోయింది. మూడేళ్ళైంది, ఆ ముల్లు ఇంకా ఉంది.

గోదారి_గట్టు
జనవరి 7, రాత్రి 10.15

ఉన్నారండి. మా పిన్ని నిజాంపేటలోనే, మీ వైపే. అమ్మకి స్వయానా చెల్లెలు. పిన్ని వాళ్ళింట్లో దిగాలని మొదట అనుకున్నాను. కానీ బాబాయికి ఆపరేషన్ అయి నెల కాలేదు, రెండు గదుల ఇల్లు. మేం ముగ్గురం ఆరు సంచులతో దిగితే వాళ్ళు పైకి అనరు గానీ కష్టమే. పైగా అక్కడి నుంచి మ్యూజియం చాలా దూరం. పిన్నికి ఎలా చెప్పాలో తెలియక ఇంకా ఫోన్ చేయలేదు.

నిజాంపేట_అమ్మమ్మ
జనవరి 7, రాత్రి 10.40

ఈ రాత్రే చెయ్యి. బాబాయికి బాగోలేదు కాబట్టి హోటల్లో దిగుతున్నాం, శుక్రవారం పగలంతా నువ్వు మాతో ఉండాలి పిన్నీ, అను. మీరు అటు వెళ్ళేకంటే ఆవిడ ఇటు రావడం తేలిక. మా నిజాంపేట రోడ్డులో ఆటో ఎక్కితే జేఎన్‌టీయూ దగ్గర మెట్రో. ఎర్ర లైన్ కాబట్టి ఎక్కడా మారక్కర్లేదు, అమీర్‌పేట, పంజాగుట్ట, ఖైరతాబాద్ దాటగానే లకిడీకాపూల్. నాకు 71 ఏళ్ళు, వారానికోసారి ఒక్కదాన్నే నాంపల్లి దాకా వెళ్ళొస్తాను. లిఫ్టుంటుంది, కూర్చోనిస్తారు.

శంషాబాద్‌లో దిగితే మీ పిన్ని అంతదూరం వచ్చి వెళ్ళడానికి రోజంతా పడుతుంది. విమానాశ్రయానికి మెట్రో లేదుగా. హోటల్ ఎంచుకునేటప్పుడు మీరు ఎక్కడికి వెళ్ళగలరన్నదే కాదు, మీ దగ్గరికి ఎవరు రాగలరన్నదీ చూసుకో తల్లీ.

పాతబస్తీ_పోరడు
జనవరి 8, ఉదయం 7.30

అమ్మమ్మ మాట నూటికి నూరుపాళ్ళు. లకిడీకాపూల్ నుంచి మ్యూజియం గూడ గదే లైన్‌ల. అసెంబ్లీ, నాంపల్లి, గాంధీభవన్, ఉస్మానియా మెడికల్ కాలేజ్, గా తర్వాత ఎంజీబీఎస్, పెద్ద బస్టాండ్ కాడి స్టేషన్. ఆడ దిగి ఆటో ఎక్కితె మూసీ దాటంగనె దారుల్‌షిఫా, మ్యూజియం గేటు.

నేను పుట్టింది పెరిగింది శాలిబండల. మా దిక్కు వచ్చి ఉండుమని చెప్పాలెనని నాకు మస్తు ఉంటది. పొద్దుగాల నాలుగు మినార్ల నడుమకెళ్ళి ఎండ వడుతుంటె నిమ్రా కేఫ్‌ల ఇరానీ చాయ్ తాగుడు వేరె. గని అమ్మతోని, గన్ని సామాన్లతోని వద్దక్కా. చార్మినార్ కాడికి బండ్లు రానియ్యరు, లోపటి గల్లీలల్ల కారు వోదు, సూట్‌కేసులు నెత్తి మీద మోసుడే. ఒక్కళ్ళే వచ్చెటోళ్ళు, పెండ్లి గాజులు ముత్యాలు కొననీకె వచ్చెటోళ్ళు, రంజాన్ రాత్రులు చూడాలనుకునెటోళ్ళు ఆడ ఉండాలె.

గడియారం ముచ్చట ఇంకొకటి. గంట కొట్టెటందుకు మూడు నిమిషాల ముందు తలుపు తెరుసుకొని గడ్డపాయన బయటికొస్తడు. కొట్టుడు అయిపోంగనె లోపటికి వోతడు. ఇంకో బొమ్మ కమ్మరాయన లెక్క సుత్తెతోని సెకండ్లు కొడుతనే ఉంటడు. పన్నెండింటికి మస్తు జనం ఉంటరు. మీకు మూడు గంటలదో నాలుగు గంటలదో దొరుకుతది. గంట కొట్టెటందుకు పావుగంట ముందె పోయి ముందల జాగ పట్టున్రి, ఎనుకకు కూసుంటె తలకాయలే కనిపిస్తయి.

పాలమూరు_స్టీరింగ్
జనవరి 8, మధ్యాహ్నం 1.20

2015 నుంచి ఎయిర్‌పోర్టు బండి నడుపుతున్న. దారి లెక్క నేను చెప్త.

ఎయిర్‌పోర్టు నుంచి లకిడీకాపూల్‌కు ఆరాంఘర్ దాక వచ్చి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాలె. పదకొండున్నర కిలోమీటర్ల వంతెన, సీదా మెహదీపట్నంల దింపుతది. ఆడికెళ్ళి మాసాబ్‌ట్యాంక్, లకిడీకాపూల్. పగటిపూట గంట పట్టుకోన్రి. రాత్రి పన్నెండు దాటినంక నలభై, నలభై ఐదు నిమిషాలు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాక మాత్రం గంటన్నర అయినా అనొద్దు. పాతబస్తీకి సీదా పోయెటోళ్ళకు ఆరాంఘర్ నుంచి జూపార్కు దాక కొత్త ఫ్లైఓవర్ 2025 జనవరిల తెరిచిన్రు, అది మస్తు ఆసరా.

ఇంకొక ముఖ్యమైన సంగతి. జనవరిల నాంపల్లి గ్రౌండ్‌ల నుమాయిష్ ఎగ్జిబిషన్ ఉంటది, ఫిబ్రవరి 15 దాక. సాయంత్రం పూట ఆ చుట్టుపక్కల కారు కదలది. మెట్రోల పోయిరాన్రి, కారు వద్దు.

బండి మాట్లాడేటప్పుడు సామాను చెప్పాలె. చిన్న కార్లు సీఎన్‌జీవి అయితె డిక్కీల సిలిండరే ఉంటది, ఒక్క పెద్ద సూట్‌కేసు పట్టుడు గూడ కష్టం. ముగ్గురు మనుషులు, మూడు పెద్దయి అంటె ఎర్టిగా లెక్కదే కావాలె, అది గూడ ఎనుక సీట్లు మడవాలె.

శంషాబాద్‌ల దిగెటోళ్ళు ఒకటి యాదికి పెట్టుకోన్రి. ఊళ్ళె నుంచి టెర్మినల్‌కు కొంచెం దూరమే గావట్టి అర్ధరాత్రి యాప్‌ల బండి బుక్ చేస్తె చానమంది డ్రైవర్లు రారు. పెద్ద ట్రిప్పు కోసం లైన్ల ఉంటరు. హోటలోళ్ళ సొంత బండి ఉన్నదా, రాత్రి ఒంటిగంటకు డ్రైవర్ ఉంటడా, అది అడిగి తీసుకోన్రి.

రన్‌వే_పక్కన
జనవరి 8, మధ్యాహ్నం 3.02

పాలమూరు అన్న చెప్పింది నిజం, నేను మర్చిపోయాను. ఇంకొకటి కూడా. పేర్లో ఎయిర్‌పోర్ట్ అని ఉన్నంత మాత్రాన దగ్గర కాదు. మా అన్నయ్య యాప్‌లో అలా చూసి ఒక గది తీసుకుంటే అది 14 కిలోమీటర్ల దూరంలో, చీకటి రోడ్డు మీద తేలింది. పేరు చూసి కాదు, మ్యాప్‌లో టెర్మినల్ దాకా దారి గీసి చూడాలి.

మొదట నేను రాసింది నా నాన్నగారి సంగతి తలచుకుని రాశాను. ఆయన ఊరు చూడాలనుకోలేదు. ఈవిడ చూడాలనుకుంటున్నారు. రెండు రాత్రులూ శంషాబాద్ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. రెండో రోజుకి మాత్రం శంషాబాదే అంటాను. శుక్రవారం మధ్యాహ్నం రెండింటికల్లా ట్రాఫిక్ ముందే ఇక్కడికి వచ్చేస్తే, రాత్రి పదకొండున్నర దాకా నిద్రపోవచ్చు. లకిడీకాపూల్ నుంచి అర్ధరాత్రి లేచి రావడం వేరు, పక్కనే పడుకుని లేవడం వేరు. సాయంత్రం ఓపికుంటే నర్కూడ దగ్గర అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడి ఉంది. పాత గాలిగోపురం, కోనేరు. మన సినిమాల్లో ఎన్నోసార్లు చూసిన గుడే. జనం లేకుండా ప్రశాంతంగా ఉంటుంది.

ఐటీ_కారిడార్
జనవరి 8, సాయంత్రం 5.45

గది మారాలంటే మళ్ళీ ఆ ఆరు సంచులు. రెండుసార్లు ఎక్కించడం, దించడం. అది మాత్రం నాకు నచ్చలేదు. లకిడీకాపూల్‌లోనే రెండు రోజులూ ఉండి, అర్ధరాత్రి దారి ఖాళీగా ఉంటుంది కాబట్టి అక్కడి నుంచే వెళ్ళడం మేలు. నలభై ఐదు నిమిషాలే కదా.

రిసెప్షన్_డెస్క్
జనవరి 8, రాత్రి 9.30

డబ్బు పరంగా రెండూ ఒకటే, ఎలాగూ రెండు రోజుల అద్దె. అమ్మగారు కారులో నిద్రపోగలరా లేదా అన్నది చూసుకోండి. మా దగ్గర రాత్రి పన్నెండున్నరకి ఖాళీ చేసే కుటుంబాలు పడుకోవు. పదింటికి పడుకుందామనుకుంటారు, సర్దుకోవడంలోనే పదకొండున్నర అవుతుంది.

గోదారి_గట్టు
జనవరి 9, ఉదయం 11.50

రాత్రి పిన్నికి ఫోన్ చేశాను. నిజాంపేట అమ్మమ్మగారు చెప్పిన మాటలే చెప్పాను. పిన్ని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, శుక్రవారం పొద్దున్నే వస్తానే, క్యారేజీ తెస్తాను, హోటల్ తిండి తినకండి అంది.

సంచుల సంగతి కూడా తేలింది. మా తమ్ముడు 20న గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో లింగంపల్లి వస్తున్నాడు. రెండు పెద్ద సూట్‌కేసులు వాడు పట్టుకొచ్చి పిన్ని వాళ్ళింట్లో పెడతాడు. శుక్రవారం సాయంత్రం ఓఆర్‌ఆర్ మీదుగా నేరుగా శంషాబాద్ హోటల్‌కి తెచ్చిస్తాడు. కాబట్టి మాతో ఊళ్ళోకి వచ్చేది ఒక్క పెద్దదే. 15 కిలోల బెడదా తప్పింది, ఐటీ కారిడార్ గారి భయమూ తప్పింది.

గురువారం రాత్రి లకిడీకాపూల్, శుక్రవారం మధ్యాహ్నం నుంచి శంషాబాద్. రెండు చోట్లా బాబు పాస్‌పోర్టు సంగతి ఫోన్‌లో చెప్పాను. మొదట అడిగిన చోట కుదరదన్నారు, రెండో చోట సరేనన్నారు. శంషాబాద్‌లో ఒంటిగంటకి వాళ్ళ బండే దింపుతుందని మెసేజ్ పెట్టించుకున్నాను.

పాలమూరు_స్టీరింగ్
జనవరి 9, మధ్యాహ్నం 12.30

జనవరిల పొద్దుగాల రాజమండ్రి దిక్కు మంచు ఉంటది, విమానాలు లేటైతయి. లేటైతె హోటల్‌కు పోకుండ్రి. సామాను బండిల పెట్టుకొని సీదా మ్యూజియంకే పోన్రి. గంటల లెక్కన మాట్లాడుకుంటె బండి ఆడ్నే ఆగుతది.

గోదారి_గట్టు
జనవరి 26, ఉదయం 9.15

క్షేమంగా చేరాం. అమ్మ పక్క గదిలో నిద్రపోతోంది. మీ అందరికీ జరిగింది చెప్పాలని కూర్చున్నాను.

పాలమూరు అన్న నోటి మాటే నిజమైంది. మంచు వల్ల విమానం గంటా నలభై నిమిషాలు ఆలస్యం. సామాను తీసుకుని బయటికి వచ్చేసరికి ఒకటిన్నర. హోటల్‌కి వెళ్ళలేదు. నాలుగు గంటల సేపటికి మాట్లాడుకున్న బండిలో ఆరాంఘర్ కొత్త ఫ్లైఓవర్ మీదుగా నేరుగా దారుల్‌షిఫా వెళ్ళాం. టికెట్లు తీసుకుని, వీల్‌చైర్ అడిగి, గడియారం దగ్గరికి చేరేసరికి మూడు గంటలది అప్పుడే అయిపోయింది. నాలుగు దాకా ఆగాం. మేలిముసుగు రెబెక్కా బొమ్మ చూపించి తీసుకొస్తానన్నాను, అమ్మ కదల్లేదు. గంటసేపూ అక్కడే కూర్చుంది. ముందు వరుస దొరికింది.

గడ్డపాయన బయటికి వచ్చినప్పుడు అందరూ ఫోన్లు ఎత్తారు. అమ్మ చూడలేదు, కళ్ళు మూసుకుని విన్నది. నాలుగు దెబ్బలూ అయ్యాక, మీ నాన్నగారు తెరిచి ఉన్న తలుపు చూసి ఇల్లు చిన్నదే అన్నారే అప్పుడు, అంది. ఇంకేం చెప్పలేదు. నేనూ అడగలేదు.

సాయంత్రం మదీనా కూడలి దగ్గర దిగి, పత్తర్‌గట్టి మీదుగా మెల్లగా చార్మినార్ దాకా నడిచాం. దీపాలు పెట్టాక చూడాలని పోరడు తమ్ముడు చెప్పకపోయినా అదే వేళ అయింది. బాబు 1591 అన్న అంకె చదివి, అది ఎన్నేళ్ళ క్రితమో వేళ్ళ మీద లెక్కపెట్టాడు. ఆటోలో ఎంజీబీఎస్, మెట్రోలో లకిడీకాపూల్. గాంధీభవన్ స్టేషన్‌లో నుమాయిష్ జనం ఎక్కుతుంటే కిటికీలోంచి కింద రోడ్డు చూశాను, కార్లు ఒక్క అంగుళం కదల్లేదు. సామాను ఉన్న బండిని ముందే హోటల్‌కి పంపించి, ఫోన్‌లో చెబితే రిసెప్షన్‌లో దింపించుకున్నారు. ఇలా తెలియని డ్రైవర్‌కి అప్పగించడం అందరికీ చెప్పను. బండి హోటల్‌వాళ్ళు మాట్లాడి పెట్టింది కాబట్టి ధైర్యం చేశాను.

శుక్రవారం పిన్ని ఎనిమిదిన్నరకే వచ్చేసింది. పులిహోర, దద్దోజనం, అమ్మకి ఇష్టమని పనసపొట్టు కూర. అక్కచెల్లెళ్ళిద్దరినీ బిర్లా మందిర్‌కి తీసుకెళ్ళాను. ఆ గుడిలో గంటలు ఉండవు, మాట్లాడుకునే వాళ్ళు కూడా గొంతు తగ్గిస్తారు. పాలరాతి గోడ పక్కన హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడు కనిపించే చోట ఇద్దరూ కూర్చున్నారు. నేను, బాబు కిందికి దిగి నీళ్ళు తాగి మళ్ళీ ఎక్కినా వాళ్ళ మాటలు అవలేదు. శంషాబాద్‌లోనే ఉండి ఉంటే ఈ పూట మాకు ఉండేది కాదు.

రెండున్నరకి శంషాబాద్. అమ్మపల్లి వెళ్ళలేదు, అమ్మకి కాళ్ళు వాచాయి. ఏడింటికే పడుకున్నాం. తమ్ముడు సూట్‌కేసులు తెచ్చి కింద పెట్టి, మమ్మల్ని లేపకుండా వెళ్ళాడు. ఒంటిగంటకి బండి వచ్చింది.

నిజాంపేట_అమ్మమ్మ
జనవరి 26, ఉదయం 10.02

చదువుతుంటే కళ్ళు చెమ్మగిల్లాయి తల్లీ. లాడ్‌బజార్ దాకా వెళ్ళి గాజులు కొనకుండా వచ్చారా?

కొత్తగా_చేరాను
జనవరి 26, ఉదయం 10.40

చాలా ఉపయోగపడింది. మాకు విశాఖ నుంచి వచ్చి మధ్యలో 9 గంటలే ఉన్నాయి, ఉదయం 10 నుంచి రాత్రి 7 దాకా. ఇద్దరం, చేతి సంచులే. గది తీసుకోవాలా?

పాలమూరు_స్టీరింగ్
జనవరి 26, ఉదయం 11.15

రాత్రి ఏడుకు విమానమంటె దేశంలోదైనా ఐదున్నరకు లోపట ఉండాలె. నాలుగింటికి ఊళ్ళెకెళ్ళి కదలాలె, ట్రాఫిక్ మొదలయ్యేలోపు. మీకు చేతిల ఉన్నది ఐదు గంటలే, గది దండుగ. ఇద్దరే, చేతి సంచులే గాబట్టి ఎయిర్‌పోర్టు పుష్పక్ బస్సు ఎక్కి మెహదీపట్నంల దిగున్రి. ఏ వారం వస్తున్నరో అది చెప్పున్రి ముందు.

గోదారి_గట్టు
జనవరి 26, మధ్యాహ్నం 12.20

అమ్మమ్మగారూ, కొన్నాం. నేను కాదు, బాబు. నాన్నగారు పోయాక అమ్మ చేతికి ఒక్క బంగారు గాజే ఉంటోంది. బాబుకి అదంతా తెలియదు. వాడి దాచుకున్న డబ్బుతో ఆకుపచ్చ లక్క గాజులు నాలుగు తీసుకుని, అమ్మమ్మకి అన్నాడు. అమ్మ కాసేపు వాటిని చేతిలో పట్టుకుని నిలబడింది. తర్వాత చెయ్యి చాచింది. 2.6 పట్టలేదు. షాపతను 2.8 తీసిచ్చి, తనే మెల్లగా ఎక్కించాడు. ఇప్పుడు కూడా వేసుకునే పడుకుంది.